మగ్గం గుంటలో చెట్టు

హిందూపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక కల్యాణ మండపం ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో పొద్దున్నే అక్కడ ఆడవాళ్లకు యోగా నేర్పుతారు. నేర్పే అమ్మాయికి నిండా పాతికేళ్లుండవు. నన్ను ఆంటీ అనాలా, అవ్వా అనాలా అని ప్రతిసారీ ఒక్క క్షణం తటపటాయించి ఆంటీ దగ్గర ఆగుతుంది. ఆ దయకు నేను లోలోపలే దండం పెట్టుకుంటాను. మొన్న అందరినీ వృక్షాసనం వేయమంది. ఒక కాలి మీద నిలబడి, రెండో పాదాన్ని తెచ్చి నిలబడిన కాలి తొడకు లోపలివైపు ఆనించి, రొమ్ము దగ్గర చేతులు జోడించి, మామూలుగా ఊపిరి తీసుకుంటూ చెట్టులాగా ఉండిపోవాలి. తుంటికి బలం, ఒంటికి నిలకడ అని వివరించి, తిన్నగా నా దగ్గరికొచ్చి, "ఆంటీ, మీరు మాత్రం గోడ పట్టుకోండి," అంది. ఆమె చెప్పినదాంట్లో తప్పేమీ లేదు, నా వయసువాళ్లు గోడ పట్టుకోవాల్సిందే. కానీ ఏళ్ల తరబడి పిల్లలకు ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని చెప్పిన నోరు కదా, ఇంకొకరు నాకు చెబితే ఒళ్లు మండుతుంది. గోడకు నాలుగడుగులు ఇవతలే నిలబడి, ఎడమకాలు నేలకు ఆనించి, కుడికాలు ఎత్తాను. పెళ్లివాళ్లు వదిలిపోయిన ఎండు మామిడాకుల తోరణం మీద చూపు నిలిపాను. చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తూలి, నవ్వుకుంటూ కాలు దించేశారు. నేను దించలేదు. "ఎక్కడ నేర్చుకున్నారు ఆంటీ?" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. ధర్మవరంలో అన్నాను. "అక్కడ అప్పట్లోనే యోగా సెంటరు ఉండేదా?" అంది. ఉండేదమ్మా, కాకపోతే ఒక్క మనిషికే చోటు, అన్నాను.

తొంభైలు ముగియవస్తున్న రోజులవి. నా పుట్టిల్లు ఈ హిందూపురం, మెట్టినిల్లు ధర్మవరం, ఉద్యోగం ఈ రెంటికీ నడుమ పెనుకొండలో, చిన్నపిల్లల బడిలో పంతులమ్మగా. ఆడదాని బతుకు రెండిళ్ల మధ్య అంటారు, నాది మూడు స్టేషన్ల మధ్య నడిచింది. పొద్దున ప్యాసింజరులో ధర్మవరం నుంచి పెనుకొండకు, సాయంత్రం ప్యాసింజరులో పెనుకొండ నుంచి ధర్మవరానికి. నాతోబాటు కూరగాయల గంపలు, కనకాంబరాల బుట్టలు, కోర్టు పనికి పోయేవాళ్లు, టికెట్టు కొనని పెద్దమనుషులు. మా నాయన హిందూపురంలో చింతపండు మండీలో తూకం వేసేవాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున నాయన, "ఇంగ నువ్వు ఎవురి దుడ్లకూ చెయ్యి సాపాల్సిన పన్లేదమ్మా," అని ఒక్క మాటే అన్నాడు. ఆ మాట నాకు మెడలో గొలుసుకన్నా ఎక్కువ. పెళ్లయినా ఉద్యోగం మానకపోవడానికి అదే కారణం. మా అత్తగారింట్లోనూ అప్పటికి ఎవరూ మానమనలేదు.

మా అత్తగారిల్లు అంటే ఒక పొడుగాటి హాలు, దాని వెనక వంటిల్లు, అంతే. ధర్మవరంలో నేతవాళ్ల ఇళ్లు చాలా వరకు అంతే. ఆ హాల్లో రెండు మగ్గాలు. మనుషులు మగ్గాల సందుల్లో సర్దుకుని తినాలి, పడుకోవాలి, కాపురాలు చెయ్యాలి. గుంట మగ్గం చూడనివాళ్లకు ఒక మాట చెబుతాను. నేలలో గుంట తవ్వి, దాని అంచున మనిషి కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి, అడుగున ఉన్న తొక్కుడు పలకలను తొక్కుతూ, దారం కండె ఉన్న నాడెను అటూ ఇటూ విసురుతూ నేస్తాడు. నడుము పైభాగం ఇంట్లో ఉంటుంది, కింది భాగం భూమిలో ఉంటుంది. మొదటి మగ్గం మీద మా ఆయన నేసేవాడు. రెండోది మా అత్తది. ముప్ఫై ఏళ్లకు పైగా ఆమె దాని మీద పట్టుచీరలు నేసింది. ఆమె పొడుగు మనిషి, ఆమె కాళ్లకు కొలిచి తవ్విన గుంట అది, అందుకని మామూలు గుంటలకన్నా లోతు. నేను కాపురానికి వచ్చేనాటికే అత్త తుంట్లు పట్టేసి, నడిస్తే అటూ ఇటూ ఊగేది. నేను వచ్చిన రెండో ఏడు ఆ మగ్గం దిగేసింది. దిగిన రోజున పక్కింటివాళ్లకు ఉగ్గాని, బజ్జీలు చేసి పంచింది. పండగేమీ కాదు కదా అని అడిగితే, "గుంటలోంచి బయటపడ్తి, అంతకన్నా పండగ ఏముండాది?" అంది. ఆ మాట గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

నా సంగతికి వస్తాను. ఒక వానాకాలం పొద్దున, జల్లు పడుతుండగా, పెనుకొండలో రైలు దిగుతూ జారి పడ్డాను. ఎడమ తుంటి ఎముక విరిగింది. హిందూపురంలో ఎముకల డాక్టరు కాలికి బరువు కట్టి మంచం చివర వేలాడదీశాడు. పుట్టింట్లో ఒకే పైకప్పును చూస్తూ నెలలు గడిపాను. దూలాలెన్ని, వాటి మీద బల్లులెన్ని అనేది ఇప్పుడడిగినా చెప్పగలను. ఎముక అతికింది. కాలు మాత్రం నాది కాకుండా పోయింది. లేచి నాలుగడుగులు వేస్తే నడుము ఎడమకు కూలబడేది. డాక్టరు, "ఎముక బాగుందమ్మా, పట్టు పోయింది. చెడ్డ కాలి మీద నిలబడడం నేర్చుకో, అదే మందు," అన్నాడు. కట్టు కట్టడానికి అంత శ్రద్ధ తీసుకున్న మనిషి, ఎలా నిలబడాలో మాత్రం చెప్పలేదు. ఆ రోజుల్లో మా వైపు అది చెప్పించుకోవడానికి ఇంకో మనిషి ఉంటాడని కూడా ఎవరికీ తెలియదు.

ధర్మవరం తీసుకొచ్చాక మొదలైంది అసలు జైలు. తిట్టే అత్తలను గురించి అందరూ చెబుతారు, తిట్టని అత్త ఎంత గట్టిగా కట్టిపడేస్తుందో ఎవరూ చెప్పరు. మా అత్త నన్ను లేవనిచ్చేది కాదు. నీళ్లు మంచం దగ్గరికి, సంగటి మంచం దగ్గరికి, ఊరుబిండి నూరి అది కూడా మంచం దగ్గరికే. కాలు కింద పెడితే చాలు, "ఒద్దు పాపా, ఒద్దు. మల్ల పడితే ఏం గతి?" అని రెండు చేతులూ అడ్డం పెట్టేది. నా తుంటి కోసం కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది. అంత ప్రేమ చూపిస్తున్న మనిషి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు లేదు. రాత్రీ పగలూ మగ్గం చప్పుడు వింటూ, కండెలు చుట్టే రాట్నం ఒళ్లో పెట్టుకుని, బడిలో నేను మూలన కూర్చోబెట్టిన పిల్లలందరి ఉసురూ తగిలిందనుకునేదాన్ని. ఏడుపు వచ్చేది. ఏడిస్తే నొప్పి అనుకుని అత్త వేడినీళ్ల కాపడం తెచ్చేది.

ఒక ఆదివారం పెనుకొండలో మా బడి పక్క హైస్కూలు డ్రిల్లు అయ్యవారు బ్రెడ్డు, అరటిపండ్లు తీసుకుని చూడడానికి వచ్చాడు. పెద్దాయన, నాతోబాటు రోజూ అదే రైల్లో వచ్చేవాడు. మా హెడ్మాస్టరు చెప్పమన్న మాట ఒకటి తెచ్చాడు. జూన్‌లో బడి తెరిచే రోజుకు నేను చేరితే సరి, లేకపోతే నా చోటు ఇక ఆపలేనన్నాడట. ఆ మాట చెప్పి, నా ముఖం చూసి, పాపం ఏదో ఒకటి చెయ్యాలనిపించిందేమో, లేచి ప్యాంటు పైకి లాక్కుని, రెండు మగ్గాల మధ్య ఒంటికాలి మీద నిలబడ్డాడు. "చెట్టు మాదిరి నిలబడల్లమ్మా. కాలు ఊడలాగా దిగిపోవల్ల. తుంటికి ఇంతకు మించింది ల్యాదు," అని చేతులు జోడించాడు. మా ఆయన నాడె విసరడం ఆపేశాడు. మా మామ నోట్లో వక్కపొడి అలాగే ఉండిపోయింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. ఆయన పోయాక నేను నిలబడి చూశాను. ఎడమకాలు గడగడ వణికి, పక్కనున్న చెక్క అలమరా పట్టుకుంటే అది గిన్నెలతో సహా నా మీదికి ఒరిగింది. దెబ్బ తగల్లేదు గానీ తీర్పు అప్పుడే అయిపోయింది. ఆ ఇంట్లో ఎవరూ ఇక ఒంటికాలి మీద నిలబడకూడదు.

మామ తీర్పు దానికన్నా పెద్దది. ఆయన కోపిష్టి కాదు, లెక్క మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం, కాకపోతే ఆ మూడు కాళ్లనూ చక్కగా నిరూపించి చూపించేవాడు. రాత్రి సంగటి తింటూ ఎవరి వైపూ చూడకుండా అన్నాడు. "ధర్మవరంలో రైలెక్కేది సులభమే, ప్లాట్‌ఫారం పెట్టె ఎత్తుకే ఉండాది. పెనుకొండలో దిగేది, జారి దిగొచ్చు. సాయంత్రం? ఆడ ప్లాట్‌ఫారం నేలమట్టం. మెట్టు తుంటికాడికి ఉంటాది. బండి ఆగేది రెండు నిమిషాలు. పోతావు సరే, ఎట్ల వస్తావు?" బస్సు అందామంటే బస్సు మెట్టూ అంతే, పైగా కాలు పైకెత్తేలోపు కండక్టరు రైట్ అంటాడు. పెనుకొండలో గది తీసుకుని ఉందామంటే అది కాపురం విడగొట్టుకోవడమే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అని ఊరికే అనలేదు, నా వెనక నిజంగానే గొయ్యి ఉండేది. మామ దానివైపే చెయ్యి చూపించాడు. "అత్త మగ్గం ఖాళీగా ఉండాది. కూకోని చేసే పనే గదా. కాలు బాగల్యాని మనిషికి ఇంతకన్నా ఏం గావల్ల?"

నాకు బాగా కావలసింది ఒక్కటే, వెళ్లి మళ్లీ రావడం. ఆ రాత్రి దాని గురించే ఆలోచించాను. రైలు మెట్టు ఎక్కాలంటే కుడికాలు పైకి వెయ్యాలి. కుడికాలు గాలిలో ఉన్నంతసేపూ నా బరువంతా ఎడమ తుంటి మోయాలి. చెడ్డ కాలు నిలబడితేనే మంచి కాలు పైకి లేస్తుంది. డ్రిల్లు అయ్యవారు చూపించింది సరిగ్గా అదే కదా అని చీకట్లో లేచి కూర్చున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, ఇంత చిన్న సంగతి తట్టడానికి నాకు అన్ని నెలల మంచం కావలసి వచ్చింది.

చోటు ఎక్కడ? ఆ ఇంట్లో మనిషి ఒంటరిగా ఉండేది స్నానాల గదిలోనే, అక్కడ నిలబడితే జారడం ఖాయం. మధ్యాహ్నం మగవాళ్లు తిని కునుకు తీసేవారు. అత్త వీధి అరుగు మీద పక్కింటామెతో కూర్చునేది. ఒకరోజు కండెలు చుడుతూ చుడుతూ అత్త ఖాళీ గుంటవైపు చూశాను. పడుగు అయిపోయి, అచ్చులో నిలువు దారాల కొసలు మాత్రం మిగిలిన మగ్గం, కింద తెగిన దారాలు, దుమ్ము. గుంట అంచున కూర్చుని, లోపలి గోడకున్న చిన్న మెట్టు మీద కాలు పెట్టి, మెల్లగా లోపలికి జారి నిలబడ్డాను. నేను పొట్టిదాన్ని. గుంట అంచు సరిగ్గా నా తుంటి దాకా వచ్చింది. నాలుగు వైపులా నేల. ఎటు తూలినా పడే వీలు లేదు. పట్టుకోవడానికి ఎదురుగా బట్ట చుట్టే అడ్డదుంగ. తొక్కుడు పలకలను పక్కకు తన్ని, కుడి పాదం ఎత్తాను. బయటినుంచి ఎవరైనా చూస్తే గుంటలో ఒక ఆడమనిషి ఊరికే నిలబడి ఉన్నట్టు కనిపిస్తుంది. కాళ్ల సంగతి భూదేవికే తెలియాలి. ఏ గుంటలో నన్ను కూర్చోబెట్టాలనుకున్నారో ఆ గుంటే నన్ను పడకుండా పట్టుకుంది. ఆ మధ్యాహ్నం నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

అక్కడి నుంచి రోజూ అదే. మొదట్లో అడ్డదుంగను రెండు చేతులతో పట్టుకున్నా ఎడమకాలు తీగలాగా ఊగేది, చెమటకు జాకెట్టు తడిసిపోయేది. తర్వాత ఒక చెయ్యి వదిలాను. తర్వాత వేళ్లు మాత్రం ఆనించాను. వేసవి ముదిరేనాటికి రెండు చేతులూ జోడించి, కదలకుండా ఉండడానికి ఎక్కాలు నోట్లో గొణుక్కుంటూ, ఏడో ఎక్కం దాకా నిలబడగలిగాను. ఎనిమిదికి పోతే తప్పకుండా తూలేదాన్ని, అది కాలి తప్పో ఎక్కం తప్పో తెలియదు. ఈలోగా ఒక వింత గమనించాను. గుంటను ఎవరో ఊడ్చారు. ఒక శుక్రవారం అడ్డదుంగకు పసుపు, కుంకుమ కనిపించాయి. మరో శుక్రవారం నాలుగు కనకాంబరాలు. ఖాళీ మగ్గం ఇంటికి మంచిది కాదని నేతవాళ్లు దాని దగ్గర దీపం పెడతారు, అదే కాబోలు అనుకున్నాను. నేను గుంటలో ఉన్నప్పుడు ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడకపోవడం కూడా నా అదృష్టమే అనుకున్నాను. పక్కింటామె ఒకసారి గడపలో నిలబడి నన్ను చూసి లెంపలు వేసుకుంది. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది.

బడి తెరవడానికి ఇంకా కొన్ని రోజులున్నాయనగా, పొద్దున్నే మామ భుజం మీద పట్టు పడుగు చుట్ట మోసుకుని వచ్చాడు. వెనకాలే అచ్చు అతికే అతను, అంటే పాత పడుగు కొసలకు కొత్త దారాలు ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలిపే మనిషి. అత్త కొత్త చీర కట్టుకుని, కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. ఏమిటిదని అడిగాను. "నీకే పాపా," అని అత్త నా గడ్డం పట్టుకుంది. ఆమె కళ్లు మెరుస్తున్నాయి. "నోరు తెరిచి చెప్పల్యాక, రోజూ నా మగ్గానికి చేతులు జోడించి మొక్కుకుంటాండావు గదా. నేను సూడలేదనుకున్యావా? పెదవులు కూడా ఆడిస్తాండావు. వీధంతా చెప్తి, నా కోడలు నా గుంటలో దిగి నా మగ్గానికి మొక్కుతాందని." నేను ఈ మగ్గం నుంచి పారిపోవడానికి చేసిన పని, ఈ మగ్గాన్నే ముస్తాబు చేసి నా ముందుకు తెచ్చింది. నా ఏడో ఎక్కం వాళ్లకు మంత్రమైపోయింది.

మొక్కలేదత్తా, అన్నాను. మా ఆయన మగ్గం ఆగిపోయింది. "మొక్కల్యా?" అంది అత్త మెల్లగా. "మల్ల ఏం జేస్తాండావు?" హాలు మధ్యకు వచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, కుడికాలు ఎత్తాను. గోడ లేదు, గుంట లేదు, అడ్డదుంగ లేదు. కొబ్బరికాయ పట్టుకున్న అత్తకు ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అచ్చు అతికే అతను ముందు నవ్వబోయి, తర్వాత పక్కకు తిరిగాడు. చివరకు మామే, "చాలు, దించు," అన్నాడు. లెక్క మనిషి కదా, లెక్క సరిపోయిందని ఆయనకు అర్థమైంది. "రైలు మెట్టు ఎక్కేదానికా?" అని అడిగాడు. తలూపాను. ఆయన అరుగు దగ్గరికి నడిచి, వీధిలోకి దిగి, కిందినుంచి చేత్తో కొలిచి చూపించి, "రైలు మెట్టు దీనికన్నా ఇంకో జానెడు ఎత్తు. ఎక్కు," అన్నాడు. వీధిలో జనం చూస్తుండగా వీధిలోంచి అరుగు మీదికి కుడికాలు వేసి ఎక్కాను. మా ఆయన, "పొద్దున సైకిల్లో స్టేషన్ కాడ దింపుతాలే," అన్నాడు.

కానీ గెలిచానన్న సంతోషం ఒక్క పూట కూడా నిలవలేదు. లోపల అత్త కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. వీధంతా చెప్పుకున్న మాట అబద్ధమైపోయింది, ఆ సిగ్గు ఆమె ముఖంలో కనబడుతోంది. అంతకన్నా పెద్ద చిక్కు, ఇంట్లోకి వచ్చిన పడుగును వెనక్కి పంపరు. పంపితే మగ్గానికి మంచిది కాదు, చీరలు నేసిస్తామని షావుకారుకు ఇచ్చిన మాటా పోతుంది. మామకు చూపు ఆనదు. మా ఆయన మగ్గం మీద పని సగంలో ఉంది. ఎవరు నేస్తారు? అత్త కొత్త చీర విప్పి పాత చీర కట్టుకుని వచ్చింది. కొబ్బరికాయ కొట్టింది. గుంట అంచున కూర్చుని, రెండు చేతులతో తన మోకాళ్లు ఒక్కొక్కటే పట్టుకుని గుంటలోకి దించింది. "అత్తా, వద్దు," అన్నాను. ఇటు తిరిగి చూడలేదు. "నువ్వు పోమ్మా. ఇది నా గుంటే గదా," అంది. గుంటలోంచి బయటపడినందుకు ఉగ్గాని చేసి పంచిన మనిషి ఆమె.

బడి తెరిచిన రోజు సాయంత్రం పెనుకొండ స్టేషన్లో నిలబడ్డాను. వెనక కొండ, కొండ మీద కోటగోడ, ముందు పట్టాలు. పొద్దున దిగేటప్పుడు ఏమీ అనిపించలేదు, చెడ్డ కాలు ముందు వేసి జారినట్టు దిగాను. ఇప్పుడు బండి వచ్చి ఆగింది. నేలమీదినుంచి చూస్తే పెట్టె తలుపు మేడమీద కిటికీ అంత ఎత్తున కనబడింది. కనకాంబరాల బుట్ట దింపుకున్న ఒక ముసలామె పైనుంచి, "రామ్మా, చెయ్యియ్యి," అంది. వద్దవ్వా అని తలూపి, కమ్మీ పట్టుకుని, ఎడమకాలు నేలలోకి దిగేసినట్టు ఆనించి, కుడికాలు ఎత్తాను. ఏడో ఎక్కం మొదలుపెట్టకముందే పైన ఉన్నాను. బండి కదిలింది. తలుపు దగ్గరే కూలబడి, ఆ అవ్వ ఏమైందేమైందని అడుగుతుంటే చెప్పలేక ఏడ్చాను. గెలిచినందుకు కాదు. ఇంటికి పోతే గుంటలో అత్త ఉంటుందని.

ఉంది. ఇంట్లో దీపం పెట్టలేదు. నేసిన చీర ఇచ్చి రావడానికి మామ, మా ఆయన షావుకారు ఇంటికి పోయారు. మసక వెలుతురులో అత్త మగ్గం ముందు కూర్చునే ఉంది. పని ఎప్పుడో ఆపేసింది, నాడె పక్కన పెట్టి ఉంది. "ఏమత్తా, లేవలేదా?" అన్నాను. "లేయడానికి తుంట్లు రావాల గదా. పొద్దువాలినప్పటినుంచి కూకోనే ఉండా." మరి పక్కింటామెను పిలవకపోయావా అంటే, "ఎవురినీ పిల్చాలనిపించల్యా. నువ్వు వస్తావో రావో సూద్దామని," అంది. ఆ మాటలో కోపం ఉంది, భయం ఉంది, ఎదురుచూపు ఉంది. సంచీ కింద పడేసి, ఎడమకాలు గట్టిగా నేలకు ఆనించి, కుడి పాదం గుంట అంచుకు తన్ని, రెండు చేతులూ చాచాను. ఆమె పొడుగు మనిషి, బరువు మనిషి. పట్టుకుని గుంటలో నిలబడింది, మెట్టు మీద కాలు వేసింది, నేను వెనక్కి ఒరిగాను. ఎడమ తుంటి మీద ఇద్దరి బరువూ పడింది. కదల్లేదది. అత్త బయటికి వచ్చి, నన్ను పట్టుకునే ఊపిరి తీసుకుని, నా కాలివైపు చూసి, "నీ చెట్టు గట్టిదేలే పాపా," అంది. నేను పడిన ఆ వాన పొద్దు తర్వాత ఆ ఇంట్లో ఇద్దరం కలిసి నవ్వింది అప్పుడే.

తర్వాత చాలా ఏళ్లు అదే నా దినచర్య. రైలు దిగడం, ఇంటికి రావడం, సంచీ పెట్టి అత్తను గుంటలోంచి లాగడం. ఆ పడుగు అయిపోయింది, ఇంకోటి వచ్చింది, దాని తర్వాత మరొకటి. మగవాళ్లు లాగబోతే ఒప్పుకునేది కాదు, "పాప వస్తాదిలే," అనేది. నేను పెనుకొండ పోగలిగాను, ఆమె గుంటలో ఉండబట్టి. దానికి ఏం చెయ్యాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఒకసారి ఆమెకు కూడా ఆ ఆసనం నేర్పబోయాను. "నేను ఏ రైలెక్కల్ల, యాడికి పోవల్ల?" అని నవ్వి తోసేసింది. ఆ నవ్వుకు నాకు బాధేసింది. రెండువేల సంవత్సరం దాటాక మా వీధిలో నేలపైన కూర్చుని నేసే మగ్గాలు మొదలయ్యాయి. అత్త చెయ్యలేని రోజున ఆ మగ్గం విప్పి, గుంటను ఇసుక పోసి పూడ్చి, మీద సిమెంటు వేశారు. అత్త మంచం మీద కూర్చుని చూసింది. సిమెంటు ఆరాక నా చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లి, ఆ చోట నిలబడి, ఒక్కసారి కుడికాలు కొంచెం ఎత్తి, వెంటనే దించేసింది. మరుసటి ఏడు ఆమె పోయింది.

ఇప్పుడు పెనుకొండలో ప్లాట్‌ఫారం ఎత్తు చేశారట, ఎవరి తుంటితోనూ పనిలేకుండా ఎక్కొచ్చట. మొన్న కల్యాణ మండపంలో ఆ అమ్మాయి, "చాలు ఆంటీ, దించండి," అనేదాకా నేను కళ్లు మూసుకునే ఉన్నాను. కళ్లు తెరిస్తే జోడించిన చేతులు ఎప్పుడో విడిపోయి, రెండూ ముందుకు చాచి ఉన్నాయి. ఆ గుంట పూడ్చి ఇరవై ఏళ్లు కావస్తోంది గానీ, నా ఎడమకాలు ఇంకా ఆ సాయంత్రం వేళకే నిలబడి, బయటికి రావలసిన మనిషి కోసం చూస్తోంది.